కవితకీ పాటకీ మధ్య ఖాళీ

ఆ రేడియో స్టేషన్లో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. గేటు దగ్గరి వాచ్‌మన్ నుంచి పై అంతస్తులోని డైరెక్టరు దాకా అందరికీ ఆమె జతమ్మే. ఆదివారం పొద్దున ఎనిమిదిన్నరకు వచ్చే 'జత' కార్యక్రమం ఆమెది. శ్రోతలు పంపిన కవితల్లోంచి ఒకటి ఏరి చదివించడం, దాని వెనకాలే దానికి తగిన పాట వెయ్యడం. చెప్పుకుంటే ఇంతే పని. ముప్పయ్ నాలుగేళ్ళుగా ఆ పనిలో ఆమెను తలదన్నినవాళ్ళు మాత్రం లేరు.

"పెళ్ళిళ్ళ పేరమ్మా! ఊరందరి కవితలకీ పాటలకీ ముడిపెడతావు, నీకెప్పుడు ముడిపడుతుందే?" అని తోటి అనౌన్సరు ఏడిపించేది.

"నాకు తగిన పాట దొరకలేదే, దొరికితే నీకే ముందు చెప్తా," అనేది జతమ్మ. యాభై తొమ్మిదేళ్ళొచ్చినా ఆ జవాబు మార్చలేదు.

వాన కవితకు వాన పాట, అమ్మ కవితకు అమ్మ పాట వేసేవాళ్ళంటే ఆమెకు ఒళ్ళుమంట. అది జత కాదు, గుంపులో తోసెయ్యడం అనేది. కవిత ఏం చెప్పిందో కాదు, ఎక్కడ ఆగిందో చూడమనేది. చదివే మనిషి ఆఖరి మాట తర్వాత ఊపిరి ఎక్కడ వదిలితే, పాట అక్కడ అందుకోవాలి. ఆ రెండింటికీ మధ్య నాలుగు సెకన్ల ఖాళీ ఉండాలి. మూడైతే తొందర, అయిదైతే పెత్తనం.

ఆ ఖాళీ కూడా ఉత్తుత్తి ఖాళీ కాదు. ఏమీ లేని టేపు తిప్పితే రేడియో చెడిపోయిందనుకుని జనం దానికి మొట్టికాయలు వేస్తారు. మనుషులు లేని గదికి కూడా ఒక చప్పుడుంటుంది. అందుకని కార్యక్రమం మొదలైన కొత్తలోనే, ఎవరూ లేని స్టూడియోలో మైకు తెరిచి పెట్టి, ఎనిమిది నిమిషాల నిశ్శబ్దాన్ని ఒక రీలు మీద రికార్డు చేసి ఉంచుకుంది. దానిపేరు ఖాళీ టేపు. ప్రతి ఆదివారం అందులోంచి నాలుగు సెకన్లు కవితకీ పాటకీ మధ్య తిప్పేది. ఈ వారం ఎక్కడ ఆగితే వచ్చే వారం అక్కణ్ణించే. చివరికొచ్చాక వెనక్కి చుట్టి మళ్ళీ మొదటినుంచి.

ఇంకో అలవాటుంది ఆమెకు. ఆ నాలుగు సెకన్లూ చెవులమీది హెడ్‌ఫోన్లు తీసేసి, కళ్ళు మూసుకుని, వేళ్ళమీద లెక్కపెట్టేది. అతుకు వేసేటప్పుడు దానివంక చూస్తే అతుకు కనబడుతుందని ఆమె నమ్మకం. కొత్తగా చేరినవాళ్ళు నవ్వేవాళ్ళు. పాతవాళ్ళు వాళ్ళ నోరు మూయించేవాళ్ళు.

ఏడాదికి ఒకటో రెండో వింత ఉత్తరాలు వచ్చేవి. మీ కార్యక్రమంలో ఎవరో మూలుగుతున్నారని ఒకరు రాశారు. మా రేడియోలో ఒక ముసలామె ఇరుక్కుపోయిందని మా చిన్నవాడు అన్నం తినడం మానేశాడని ఇంకొకరు. వాటిని 'గాలి ఉత్తరాలు' అని రాసిన అట్టలో పెట్టి మూలన పడేసేది జతమ్మ. లోకంలో తిక్కలేని ఊరుంటుందా? మూడేళ్ళ కిందట స్టేషన్లోకి కంప్యూటర్లొచ్చాయి. రీళ్ళన్నీ తుక్కు కింద పోయాయి. పోయినవాటి జాబితామీద సంతకం చేసింది జతమ్మే. అప్పట్నుంచీ ఖాళీ ఒక మీట నొక్కితే వస్తుంది, అద్దంలా శుభ్రంగా. గాలి ఉత్తరాలు కూడా ఆగిపోయాయి. ఆ రెండింటికీ సంబంధం ఉందని ఆమెకు తట్టలేదు.

ఒక సోమవారం మధ్యాహ్నం టపాలో ఒక కవిత వచ్చింది. చిన్నతనం గురించీ, నానమ్మ గురించీ. అలాంటివి వారానికి పది వస్తాయి, పదిలోనూ నానమ్మ ఒళ్ళు మెత్తగానే ఉంటుంది. ఆవలిస్తూ విప్పింది.

*ఆదివారం పొద్దున మా నానమ్మ*
*రేడియోకి చెవి ఆనించి కూచునేది.*
*కవిత చదువుతుంటే కదిలేది కాదు,*
*పాట మొదలైతే లేచిపోయేది.*
*కవితకీ పాటకీ నడుమ సందులో*
*ఎవరో ముసలావిడ ఉందనేది.*
*ఆవిడ వారానికో ముక్క పాడుతుందనేది.*
*ఆ ముక్కలేరి, మూటగట్టి,*
*ఆ మూట విప్పి నన్ను నిద్రపుచ్చేది.*
*'గోడ మీద నీడ కదిలె,*
*నీడకెవరు తోడు' అని.*
*మూడేళ్ళుగా సందు ఖాళీగా ఉంది.*
*ఆవిడేదే అని నానమ్మ అడుగుతోంది.*
*నేనేం చెప్పను?*

కింద చిన్న అక్షరాలతో ఒక మాట. "దీనికి జతగా ఏ పాట వేస్తారో మీ ఇష్టం. మధ్యలో మాత్రం దయచేసి పాత ఖాళీ వెయ్యండి."

ఆవలింత సగంలో ఆగిపోయింది. జతమ్మ లేచి గది తలుపు మూసింది. ఎందుకు మూసిందో ఆమెకే తెలియదు. మూశాక, మూయకపోతే బాగుండేదనిపించింది. గోడ మీద నీడ కదిలె. ఆ పాట లోకంలో ఇద్దరికే తెలుసు. ఒకరు ఆమె అమ్మమ్మ, కట్టిందీ పాడిందీ ఆవిడే. రెండోవారు తాతయ్య, పక్క మంచం మీద పడుకుని విన్నవాడు. ఇద్దరూ పోయి ముప్పయ్యేళ్ళు దాటింది. ఇక తనంటారా, తనకు మొదటి రెండు చరణాలకు మించి ఎన్నడూ గుర్తు లేదు.

జతమ్మను పెంచింది ఆ ఇద్దరే. తాతయ్య కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. అమ్మమ్మ పక్కింటివాళ్ళకు గుడ్డలు కుట్టేది. మిషను ఆగిన ఇంట్లో పాటే దిక్కు. జతమ్మ రేడియోలో చేరిన రెండో ఏడాది, అంటే ఇరవై అయిదేళ్ళ వయసులో, స్టేషన్ రికార్డింగు మిషనునూ ఒక రీలునూ ఎవరికీ చెప్పకుండా ఇంటికి మోసుకెళ్ళింది. అప్పటికి ఆమెది ఖాయం కాని ఉద్యోగం. రెండు షిఫ్టులు వరసగా చేసి వెళ్ళిందేమో, ఆ సాయంత్రం ఎలా గడిచిందో కూడా సరిగ్గా గుర్తులేదు. మైకు పెట్టింది, అమ్మమ్మ చేత పాడించింది, మర్నాడు మిషను తెచ్చి గుట్టుచప్పుడు కాకుండా దాని చోట దాన్ని పెట్టేసింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని మురిసిపోయింది.

ఈశ్వరుడు పట్టలేదు గానీ స్టోరు గుమాస్తా పట్టేలా ఉన్నాడు. రీళ్ళకు కరువొచ్చింది. సాయంత్రంలోగా ఎవరి దగ్గరున్న రీలు వాళ్ళు, దేనికి వాడారో చెప్పి చూపించాలన్నారు. జతమ్మకు చెమటలు పట్టాయి. అదే పూట కొత్త కార్యక్రమానికి ఖాళీ టేపు కావలసి వచ్చింది. ఆమె ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. అమ్మమ్మ పాట ఉన్న రీలెక్కించి, దానిమీద ఎవరూ లేని స్టూడియోను రికార్డు చేసేసింది. చెరిపే ముందు వినను కూడా లేదు. వింటే చెయ్యి ఆడదని భయం. వచ్చే వారం వెళ్ళి మళ్ళీ పాడిద్దాంలే అనుకుంది.

పదో రోజున అమ్మమ్మ జ్వరంతో పోయింది.

తాతయ్య నెలరోజులు మాట్లాడలేదు. ఆ తర్వాత నోరు తెరిచి అడిగింది ఒక్కటే. "ఒసే, ఆ టేపు ఒక్కసారి తెచ్చి వినిపించవే."

"ఆఫీసు బీరువాలో ఉంది తాతయ్యా, తాళం పెద్దాయన దగ్గరుంది," అంది జతమ్మ. వారం వారం అడిగాడు. వారం వారం ఆ తాళంచెవి ఎక్కడికో వెళ్ళింది. ఒకసారి పెద్దాయన సెలవు, ఒకసారి బీరువాకు తుప్పు. అబద్ధం చెప్పడం కన్నా, దానికి వారానికోసారి పాలిష్ పెట్టడం కష్టం. ఏడాది పైన అడిగాడు. ఆ తర్వాత ఆపేశాడు. ఆశ వదులుకున్నాడనుకుని గుండె చిక్కబట్టుకుంది. ఇంకో ఏడాదికి ఆయనా పోయాడు. ఇది ఆమె ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. బతికున్న మనిషి గొంతును తన చేతుల్తో తాను చంపానని ఎవరితో చెప్పుకోగలదు?

మర్నాడు పొద్దున్నే ఇంజనీరు గదికి వెళ్ళింది. ఆమె కన్నా పదేళ్ళు చిన్నవాడు, పాత మిషన్లంటే ప్రాణం.

"తమ్ముడూ, ఒక టేపు మీద పాతది చెరిపి కొత్తది ఎక్కిస్తే పాతది పూర్తిగా పోతుందా?"

"పోవాలక్కా. కానీ మన పాత మిషను సంగతి నీకు తెలీదా? దాని చెరిపే హెడ్డు కొంచెం పక్కకి జరిగుండేది. అలాంటి దాంట్లో చెరిపితే టేపు అంచున దారమంత మిగిలిపోతుంది. చెరిగిందనుకుంటాం, చెరగదు."

"మరి మనకెవరికీ వినబడదేం?"

"అంత సన్నంగా ఉంటే ఇక్కడ వినబడదు. ట్రాన్స్‌మిటర్ దగ్గర ఒక పెట్టె ఉంటుంది చూడు, చప్పుడు తగ్గితే అది పైకి లాగుతుంది. నువ్వు ఖాళీ పంపిస్తే ఖాళీని కూడా లాగుతుంది. అందుకే మనకి వినబడనిది ఇళ్ళల్లో వినబడుతుంది." అతను నవ్వాడు. "ఇంతకీ దానిమీద ముందేముందక్కా?"

ఆమె వేళ్ళు ముడుస్తూ లెక్క కడుతోంది. వారానికి నాలుగు సెకన్లు. ఎనిమిది నిమిషాల రీలు ఒకసారి పూర్తవడానికి రెండేళ్ళ పైన. అంటే ముప్పయ్యొక్క ఏళ్ళలో అమ్మమ్మ ఆ పాటను పదమూడు సార్లు మొదలుపెట్టి పదమూడు సార్లు పూర్తి చేసింది. ఊరందరికీ పాడింది. వినకుండా కూచున్నది తనొక్కతే, ప్రతి ఆదివారం, హెడ్‌ఫోన్లు తీసి, కళ్ళు మూసుకుని.

వరండాలోకి వచ్చాక ఇంకొకటి తట్టింది. తాతయ్య టేపు అడగడం ఆపేసిన ఏడాది. ఆయనకు కవితలంటే తలనొప్పి. అయినా ఆదివారం పొద్దున రేడియోకు చెవి ఆనించి కూచునేవాడు. మనవరాలి కార్యక్రమం కదా అని వింటున్నాడనుకుంది. ఒక వారం, "ఇవాళ కొంచెమే వినిపించిందే," అన్నాడు. బ్యాటరీలు అయిపోయాయేమోనని కొత్తవి కొని వేసింది. ఆయన ఆ బ్యాటరీల వంక చూసి నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు ఇప్పుడు, పట్టపగలు, జనం తిరిగే వరండాలో గుర్తొచ్చి ఆమెకు ఒళ్ళు జలదరించింది.

ఆయన విన్నాడా? లేక తన పాపం కడుక్కోవడానికి తనే అల్లుకుంటోందా? ఆ రీలు ఉంటే తేలిపోయేది. రీలు తుక్కులో పోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు. ఇక ఆ పాట ఎక్కడైనా బతికి ఉంటే ఆ ఉత్తరం రాసినవాళ్ళింట్లోనే ఉండాలి. లేకపోతే లేదు.

ఉత్తరం వెనక ఉన్న చిరునామా పట్టుకుని ఆ సాయంత్రమే బయల్దేరింది. కళ్ళజోళ్ళ షాపు పైన మూడో అంతస్తు. తలుపు తీసిన అమ్మాయికి ముప్పయ్యేళ్ళుంటాయి, కింది షాపులోనే అద్దాలు అరగదీసే పని చేస్తుందట. వేళ్ళ చివర్లన్నీ తెల్లగా పొడిబారి ఉన్నాయి.

"రేడియోనుంచా? మీరే వచ్చారా? కవిత బాలేదని చెప్పడానికి ఇంత దూరం వచ్చారా ఏంటండీ!"

"కవిత బానే ఉందమ్మా. మీ నానమ్మగార్ని చూడాలి."

అమ్మాయి గొంతు తగ్గించింది. "చూపు పోయిందండీ. మనిషి మాత్రం గట్టిదే. ఒక్కటి, నానమ్మ ఆ పాట పాడేటప్పుడు మధ్యలో ఆపకండి. ఆపితే మళ్ళీ మొదటికి వెళ్తుంది. ఇంకా... కొత్తవాళ్ళు కొంచెం భయపడతారు. మా పిన్ని ఒకసారి సగంలో లేచి వెళ్ళిపోయింది."

కిటికీ దగ్గర కుర్చీలో ఒక ముసలావిడ కూచుని ఉంది. కిటికీలోంచి ఎండ ఇంకా బాగానే పడుతోంది. ఆవిడ చేతికందే ఎత్తులో రేడియో, దాని ఒక పక్క రంగు పూర్తిగా పోయి నున్నగా ఉంది, చెవి ఆనించిన చోట. జతమ్మ తన చిన్న రికార్డరును బల్లమీద పెట్టి నొక్కింది.

"నానమ్మా, రేడియో ఆవిడొచ్చింది. సందులో పాట వినాలంట."

ముసలావిడ ఎవరనీ ఎందుకనీ అడగలేదు. తల కొంచెం పక్కకు వాల్చి, దేనికోసమో ఆగినట్టు ఆగింది. సరిగ్గా నాలుగు సెకన్లు. తర్వాత ఎత్తుకుంది.

*గోడ మీద నీడ కదిలె, నీడకెవరు తోడు,*
*దీపమార్పితే నీడా నిద్దరోయె చూడు...*

అది ఆవిడ గొంతు కాదు. తలుపు తీసినప్పుడు లోపల్నుంచి "ఎవరే?" అని వినబడిన బొంగురు గొంతు ఎక్కడికి పోయిందో పోయింది. ఇది సన్నగా, ముక్కులోంచి వచ్చే గొంతు, దారం పళ్ళతో పట్టుకుని పాడే మనిషి గొంతు. జతమ్మ కుర్చీ అంచు గట్టిగా పట్టుకుంది. మొదటి చరణం తర్వాత ముసలావిడ రెండుసార్లు దగ్గింది. అమ్మమ్మ దగ్గు. దాన్ని కూడా పాటలో ముక్క అనుకునే నేర్చుకుంది ఆవిడ. అమ్మమ్మ ఊపిరి పీల్చిన చోట ఊపిరి పీల్చింది. ఒక చోట పాట ఆపి, నాలుకతో 'టక్' మని చప్పుడు చేసి, మళ్ళీ అందుకుంది. అది తాతయ్య తన పనిముట్ల పెట్టె మూత వేసిన చప్పుడని ఈ గదిలో ఒక్క జతమ్మకే తెలుసు.

లేచి పోవాలనిపించింది. ఆ పిన్నిని తప్పుపట్టడానికేం లేదు. కానీ రెండో చరణం దాటింది, మూడోది మొదలైంది. ఈ మూడోది ఆమె ఎన్నడూ వినలేదు. నాలుగోది కూడా. జోలపాట ఆఖరి చరణం ఏ పిల్లా వినదు, వినేలోపలే దాని పని అయిపోతుంది. అరవయ్యో ఏడు దగ్గరపడ్డాక జతమ్మ అమ్మమ్మ పాట చివరిదాకా వింటోంది.

*నిద్దరోయిన బిడ్డకింకా పాటలెందుకంటే,*
*మరిచిపోతే మరిచిపోనీ, గోడ వింటు ఉంటే...*

పాట అయిపోయింది. జతమ్మ కళ్ళు తుడుచుకుని రికార్డరు ఆపబోయింది. అమ్మాయి ఆమె చెయ్యి పట్టుకుని, వద్దన్నట్టు తలూపింది.

ముసలావిడ మెడ నిటారుగా పెట్టింది. ఈసారి ఆ నోట్లోంచి మగ గొంతు వచ్చింది, అరిగిన, నిదానమైన గొంతు. "చూశావా, నిద్రపోయింది. గాడిదంత ఎదిగినా అంతే ఇది. పాట సగంలో గోడకానుకుని పడుకుంది."

వెంటనే సన్నటి గొంతు. "పడుకోనీండి పాపం. రెండు డ్యూటీలు చేసొచ్చింది."

"మరి ఈ మిషనో? తిరుగుతోందే. ఆపనా?"

"మీరు చెయ్యి పెట్టకండి. పాడుచేస్తే దాని ఉద్యోగం పోతుంది. ఆ టేపూ గీపూ పోయినా పర్లేదు, మనమెక్కడికి పోతాం, మళ్ళీ పాడతాను. దుప్పటి కప్పండి."

తర్వాత గుడ్డ ఒకటి దులిపి కప్పిన చప్పుడు. అది కూడా ముసలావిడ పెదాలతోనే చేసింది, చాలా మెల్లగా, ఎవరికీ మెలకువ రాకుండా.

జతమ్మకు ఏడుపు తన్నుకొచ్చింది. ఏడుస్తూనే ఉంది, సిగ్గు కూడా వెయ్యలేదు. అమ్మాయి కంగారుగా నీళ్ళు తెచ్చి పక్కన పెట్టింది. "ఆదివారం నా కవితకి ఏ పాట వేస్తారండీ?" అని అడిగింది, ఏం మాట్లాడాలో తెలియక.

"ఇదే. మీ నానమ్మగారిదే. దీన్ని మించిన జత నేను కలపలేదు, ఇక కలపను."

కుర్చీలో ముసలావిడ తన మామూలు బొంగురు గొంతుకు తిరిగొచ్చింది. మనిషి ఎక్కడుందో వెతుకుతున్నట్టు చెయ్యి చాచి, గాలిలో తడుముతూ అడిగింది.

"రేడియో అమ్మాయ్, నాకొకటి తెలీదు. అక్కడితో అయిపోయేది, మళ్ళీ మొదటికొచ్చేది. ఎన్నేళ్ళు విన్నా అంతే. ఆ నిద్రపోయిన పిల్ల లేచిందా?"

జతమ్మ లేచి వెళ్ళి ఆ చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"ఇప్పుడే లేచానమ్మా."